నిద్ర ఎవరి లెక్క వారిది

1990ల మధ్యకాలంలో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో, యూటా విశ్వవిద్యాలయంలో నిద్ర సమస్యలు చూసే నాడీ వైద్యుడు క్రిస్టఫర్ జోన్స్ దగ్గరికి ఒక పెద్దావిడ వచ్చారు. నిద్ర పట్టడం లేదన్నది కాదు ఆమె బాధ. రాత్రి భోజనాల వేళ దాటిందో లేదో కళ్లు మూతలు పడిపోతాయి. ఊళ్లో ఎవరూ లేవకముందే, ఇంకా చీకటి ఉండగానే మెలకువ వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎంత దొర్లినా నిద్ర రాదు. నలుగురూ కూర్చుని కబుర్లు చెప్పుకునే వేళకు ఆమె నిద్రలో ఉంటారు. నలుగురూ నిద్రపోయే వేళ ఒంటరిగా మేలుకుని ఉంటారు. వయసు మీద పడితే ఇలాంటివి మామూలేనని చెప్పి పంపేయడం ఏ వైద్యుడికైనా తేలికే. కానీ తన బంధువుల్లో ఇంకొందరిదీ ఇదే తీరని ఆమె చెప్పారు. జోన్స్ ఆ మాట పట్టుకున్నారు.

ఆమెను గడియారం గానీ, ఎండ పొడ గానీ లేని గదిలో ఉంచి గమనించారు. పగలో రాత్రో తెలియని చోట మనిషి తనకు నిద్ర వచ్చినప్పుడు పడుకుంటాడు, మెలకువ వచ్చినప్పుడు లేస్తాడు. ఒంటి వేడి పెరిగి తగ్గే వేళలను, మెదడులో మెలటోనిన్ అనే హార్మోన్ ఊరే వేళలను కూడా కొలిస్తే, లోపలి గడియారం ఒక చుట్టు తిరగడానికి ఎంతసేపు తీసుకుంటోందో తేలుతుంది. చాలామందికి అది 24 గంటల కంటే కాస్త ఎక్కువ. ఈమెకు 23.3 గంటలే. అంటే ఆమె శరీరం లెక్కలో రోజు దాదాపు 40 నిమిషాలు ముందే అయిపోతోంది. రోజూ వెలుతురు కంటిలో పడటంతో ఈ గడియారం మళ్లీ లోకంతో సర్దుకుంటుంది. అందుకే ఆమె నిద్ర వేళ రోజురోజుకీ ఇంకా ముందుకు జరిగిపోకుండా ఒకచోట నిలిచింది. అయితే ఆ నిలిచిన చోటు లోకం కంటే దాదాపు నాలుగు గంటలు ముందుంది.

జోన్స్, ఆయన సహచరుడైన జన్యు శాస్త్రవేత్త లూయి టాచెక్, మరికొందరు కలిసి ఇలాంటి మూడు కుటుంబాల వివరాలను 1999లో ప్రచురించారు. తల్లికో తండ్రికో ఈ లక్షణం ఉంటే పిల్లల్లో సగం మందికి వస్తోంది, మగా ఆడా తేడా లేదు. ఒకే జన్యువులో మార్పు వల్ల వచ్చే లక్షణాలు ఇలాగే నడుస్తాయి. మరి ఏ జన్యువు? ఆ వెతుకులాటను తన జీవితకాలపు పనిగా చేసుకున్న శాస్త్రవేత్త యింగ్-హ్వీ ఫు.

బూజు నుంచి మనిషి దాకా

ఫు తైవాన్ నుంచి చదువు కోసం అమెరికా వచ్చారు. 1986లో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పూర్తి చేశారు. అప్పుడు ఆమె పరిశోధించింది న్యూరోస్పోరా అనే నారింజ రంగు బూజును. అది నత్రజనిని వాడుకునే పద్ధతిని ఏ జన్యువులు అదుపు చేస్తాయన్నది ఆనాటి ప్రశ్న. తర్వాత హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో థామస్ కాస్కీ ప్రయోగశాలలో చేరారు. అక్కడే మనుషుల వంశపారంపర్య జబ్బుల మీదికి మళ్లారు.

అప్పట్లో జన్యు శాస్త్రవేత్తలను ఫ్రాజైల్ ఎక్స్ అనే జబ్బు తికమక పెడుతుండేది. పిల్లల తెలివితేటలను దెబ్బతీసే ఈ జబ్బు ఒకే కుటుంబంలో తరం మారేకొద్దీ ఎక్కువ మందికి వస్తుంది. తాతకు ఏమీ ఉండదు, మనవడికి ఉంటుంది. మామూలు వారసత్వ సూత్రాలకు ఇది లొంగదు. డీఎన్‌ఏలో ఒకచోట సీ-జీ-జీ అనే మూడక్షరాల ముక్క పదే పదే వస్తుంది. ఒక తరం నుంచి ఇంకో తరానికి వెళ్లేటప్పుడు ఆ ముక్కల సంఖ్య పెరుగుతూ పోతుందని, 200 దాటితే జబ్బు బయటపడుతుందని 1991లో ఫు, ఆమె సహచరులు చూపించారు. ఆ మరుసటి ఏడాదే కండరాలను బలహీనపరిచే మయోటోనిక్ డిస్ట్రఫీ విషయంలోనూ ఇలాంటి ముక్కల కథనే బయటపెట్టారు. ఒక కుటుంబం తన ఇబ్బందిని చెప్పుకుంటుంటే వినడం, వంశవృక్షం గీయడం, ఆ చెట్టు మీద జన్యువు నడిచిన దారిని వెతకడం ఆమెకు అలా చేతి పని అయింది. యూటాలో టాచెక్‌తో కలిసి పని మొదలుపెట్టినప్పుడు ఆ అనుభవమంతా నిద్ర మీదికి మళ్లింది.

యూటాలో కుటుంబాలు పెద్దవి. వంశ వివరాలు తరాలుగా భద్రంగా రాసి ఉంచుకునే అలవాటు అక్కడ ఎక్కువ. అలాంటి ఒక పెద్ద కుటుంబంలో ఎవరు ఎన్నింటికి పడుకుంటారు, సెలవు రోజున ఎన్నింటికి లేస్తారు అని ఒక్కొక్కరినీ అడిగి, రక్తం తీసుకుని, పెందలాడే పడుకునే వాళ్లందరిలో ఉండి మిగతావాళ్లలో లేని డీఎన్‌ఏ భాగం కోసం జల్లెడ పట్టారు. వెతుకులాట రెండో క్రోమోజోమ్ చివరికి చేరింది. అక్కడ పెర్‌2 అనే జన్యువు ఉంది.

ఆ పేరు కొత్తది కాదు. 1971లో కాలిఫోర్నియాలో రొనాల్డ్ కొనొప్కా, సీమోర్ బెంజర్ పండ్ల ఈగల్లో మూడు రకాల మార్పులు కనిపెట్టారు. ఒక రకం ఈగలకు రోజు 19 గంటలు, ఇంకో రకానికి 28, మూడో రకానికి అసలు లయే లేదు. మూడూ ఒకే జన్యువులోని మార్పులు. దానికి పీరియడ్ అని పేరు పెట్టారు. ఆ జన్యువు ఎలా పనిచేస్తుందో విడమరిచినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. మనిషిలో దానికి దాయాది పెర్‌2. అయినా ఈగలో నిజమైనది మనిషిలోనూ నిజమవుతుందన్న హామీ ఎవరికీ లేదు. మనిషి నిద్రను ఉద్యోగం, దీపాలు, దిగులు, అలవాటు అన్నీ తలో వైపుకు లాగుతాయి. ఇన్నింటి మధ్య ఒక్క జన్యువు గొంతు వినిపిస్తుందా అన్న సందేహం సహజం.

662వ స్థానం

వినిపించింది. పెర్‌2 ప్రోటీన్ 1,255 అమైనో ఆమ్లాల గొలుసు. అందులో 662వ స్థానంలో సెరైన్ ఉండాలి. ఆ కుటుంబంలో పెందలాడే పడుకునే వారిలో డీఎన్‌ఏ అక్షరం ఒక్కటి, ఏ ఉండాల్సిన చోట జీ రావడంతో, సెరైన్ పోయి గ్లైసిన్ వచ్చింది. 2001లో ఈ సంగతి సైన్స్ పత్రికలో వెలువడింది. మనిషి నిద్ర వేళను మార్చే జన్యువు ఒకటి చేతికి చిక్కడం అదే మొదలు.

ఒక్క అక్షరం అంత పని ఎలా చేస్తుంది? మన కణాల్లో క్లాక్, బిమాల్1 అనే రెండు ప్రోటీన్లు కలిసి పెర్, క్రై జన్యువులను పనిలోకి దించుతాయి. పెర్, క్రై ప్రోటీన్లు గంట గంటకూ పోగవుతాయి. తగినంత పోగయ్యాక కణకేంద్రకంలోకి వెళ్లి, తమను పుట్టించిన క్లాక్, బిమాల్1నే ఆపేస్తాయి. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోయినట్టు ఉంటుంది ఇది. తర్వాత పెర్, క్రై మెల్లగా విరిగిపోతాయి, మళ్లీ ఉత్పత్తి మొదలవుతుంది. ఈ చుట్టు పూర్తి కావడానికి దాదాపు 24 గంటలు పడుతుంది. మెదడు అడుగున, కంటి నరాలు కలిసే చోటికి కొంచెం పైన, సుమారు 20,000 నాడీకణాల గుంపు ఒకటి ఈ లయను కాపాడుతూ ఒళ్లంతటికీ వేళ చెబుతుంటుంది.

చుట్టు ఎంతసేపు సాగుతుందన్నది పెర్ ఎంత కాలం మనగలుగుతుందన్నదాని మీద ఆధారపడుతుంది. కేసీన్ కైనేజ్1 అనే ఎంజైమ్ పెర్‌2 మీద ఫాస్ఫేట్ ముద్రలు వేస్తుంది. కొన్ని చోట్ల ముద్ర పడితే ప్రోటీన్ విరిగిపోతుంది. 662 దగ్గర పడితే, ఆ వెనకే ఉన్న మరికొన్ని సెరైన్ల మీద కూడా వరసగా పడి, ప్రోటీన్ ఇంకొంత కాలం నిలుస్తుంది. గ్లైసిన్ మీద ఫాస్ఫేట్ నిలవదు. ఆ రక్షణ లేక పెర్‌2 త్వరగా విరిగిపోతుంది, చుట్టు ముందే ముగుస్తుంది. ఈ మార్పును ఎలుకల్లో పెట్టి చూసినప్పుడు వాటి రోజు సుమారు 22 గంటలకు కుదించుకుపోయింది. సాల్ట్ లేక్ సిటీలోని పెద్దావిడ చీకట్లో ఎందుకు లేచి కూర్చుంటున్నారో అణువుల స్థాయిలో సమాధానం దొరికింది.

పెందలాడే పడుకునే కుటుంబాలన్నిటిలో ఈ మార్పు లేదు. మరి వాటి సంగతి? వెతకగా 2005లో ఒక కుటుంబంలో ఆ ఎంజైమ్ జన్యువులోనే, కేసీన్ కైనేజ్1 డెల్టాలో, మార్పు కనిపించింది. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. మనిషి నుంచి తీసుకున్న అదే మార్పును ఎలుకలో పెడితే రోజు చిన్నదైంది, ఈగలో పెడితే పెద్దదైంది. జంతువుల్లో తేలిందాన్ని మనిషికి అంటగట్టే ముందు ఎంత జాగ్రత్త పడాలో ఈ ఒక్క ప్రయోగం చెబుతుంది. ఆ తర్వాతి ఏళ్లలో క్రై2, పెర్3, టైమ్‌లెస్ జన్యువుల్లోనూ ఇలాంటి మార్పులు ఫు, టాచెక్ బృందానికి దొరికాయి. నిద్ర వైద్యశాలకు వచ్చినవారిని పరీక్షించి 2019లో వేసిన ఒక అంచనా ప్రకారం, రాత్రి ఎనిమిదిన్నరకు ముందే నిద్ర ముంచుకొచ్చి, తెల్లవారి ఐదున్నరకు ముందే మెలకువ వచ్చే శరీర తత్వం 300 మందిలో ఒకరికి ఉంటుంది.

లెక్కే వేరైన తల్లీ కూతుళ్లు

2001 నాటి ఫలితం వెలువడ్డాక, తెల్లవారకముందే లేచేవాళ్లు ఇంకా చాలామంది పరిశోధనలో చేరారు. అప్పటికి ఫు, టాచెక్‌లు శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి మారారు. అలా వచ్చినవాళ్లలో కొందరి తీరు వేరుగా ఉంది. వీళ్లు నాలుగింటికే లేస్తారు, కానీ పడుకునేది అందరిలా రాత్రి పదింటికే. పగలు కునుకు తీయరు, అలసట అనరు. వీళ్ల గడియారం ముందుకు జరగలేదు, నిద్ర మోతాదే తక్కువ.

ఇక్కడ రెండు విషయాలను విడిగా చూడాలి. ఎప్పుడు నిద్రపోవాలన్నది గడియారం పని. ఎంత నిద్రపోవాలన్నది ఇంకో లెక్క. మేలుకుని ఉన్నకొద్దీ నిద్ర అవసరం శరీరంలో పోగవుతుంది, నిద్రలో అది తీరుతుంది. పెందలాడే పడుకునే కుటుంబాల్లో మొదటిదే మారింది, గంటలు అందరివీ అన్నే. ఈ కొత్త మనుషుల్లో రెండోది మారింది.

2009లో ఒక తల్లీ కూతుళ్లలో డెక్‌2 అనే జన్యువులో మార్పు బయటపడింది. ఒక ప్రోలిన్ స్థానంలో ఆర్జినైన్ వచ్చింది. ఆ మార్పు ఉన్న వీళ్లిద్దరూ రోజుకు సగటున ఆరుంబావు గంటలు నిద్రపోతుంటే, అదే కుటుంబంలో మార్పు లేని వాళ్లకు ఎనిమిది గంటలు కావాల్సి వచ్చింది. ఇదే మార్పు పెట్టిన ఎలుకలు, ఈగలు కూడా తక్కువ నిద్రపోయాయి. మెదడులో ఒరెక్సిన్ అనే పదార్థం మనల్ని మెలకువగా ఉంచుతుంది. మామూలు డెక్‌2 దాని ఉత్పత్తికి కళ్లెం వేస్తుంది, మారిన డెక్‌2 ఆ పని సరిగా చేయలేదు. ఆ బిగింపు సడలితే మెలకువ పెరుగుతుందని 2018లో ఇదే బృందం చూపించింది.

2019లో రెండు కొత్త జన్యువులు తేలాయి. మొదటిది ఏడీఆర్‌బీ1. రక్తపోటుకు, గుండెకు చాలామంది వేసుకునే అటెనొలాల్, మెటోప్రొలాల్ బిళ్లలు పనిచేసేది ఈ జన్యువు తయారుచేసే గ్రాహకం మీదే. మూడు తరాలుగా తక్కువ నిద్రపోయే ఒక కుటుంబంలో దీనిలో మార్పు కనిపించింది. అదే మార్పు ఉన్న ఎలుకలు రోజుకు 55 నిమిషాలు తక్కువ నిద్రపోయాయి. ఈ గ్రాహకం ఉండే నాడీకణాలు కొన్ని మెదడు కాండంలో ఉన్నాయి. ఎలుక గాఢ నిద్రలో ఉన్నప్పుడు అవి చల్లబడతాయి, వాటిని రేపితే ఎలుక లేచి కూర్చుంటుంది.

రెండోది ఎన్‌పీఎస్ఆర్1. ఒక తండ్రి ఐదున్నర గంటలు, కొడుకు నాలుగు గంటల పైచిలుకు మాత్రమే నిద్రపోతారు. వాళ్ల మార్పును ఎలుకల్లో పెట్టి ఒక పరీక్ష చేశారు. కొత్త విషయం నేర్పాక నిద్రపోనివ్వకపోతే మామూలు ఎలుకలకు అది సరిగా గుర్తుండదు. ఈ ఎలుకలకు గుర్తుంది. 2022లో ఇంకో అడుగు పడింది. అల్జైమర్స్ లక్షణాలు వచ్చేలా పెంచిన ఎలుకల్లో డెక్‌2 మార్పునో ఎన్‌పీఎస్ఆర్1 మార్పునో కలిపినప్పుడు, మెదడులో చెడ్డ ప్రోటీన్ల గడ్డలు పేరుకోవడం నెమ్మదించింది. ఇది ఎలుకల మాట. మనిషిలో కూడా అంతేనని ఎవరూ అనడం లేదు. అయినా తక్కువ గంటల్లో నిద్ర తన పని ఎలా ముగించుకుంటుందో తెలిస్తే, నిద్ర చెడిన కోట్ల మందికి వైద్యం చేసే దారి కనబడవచ్చని ఫు ఆశ. 2025లో ఆమె బృందం ఎస్ఐకే3 అనే మరో జన్యువును ఈ వరసలో చేర్చింది.

ఈ ఫలితాల మీద ప్రశ్నలూ వచ్చాయి, వాటిని దాచకూడదు. యూకే బయోబ్యాంక్‌తో పాటు మరికొన్ని అధ్యయనాల్లో ఉన్న 1,90,000 మందికి పైగా మనుషుల డీఎన్‌ఏను వెతికి 2022లో మరో బృందం ఒక పత్రం వెలువరించింది. తక్కువ నిద్రకు కారణమని చెప్పిన మార్పులు ఉన్న మనుషులు మామూలు జనంలో దొరికారు. కానీ వాళ్లంతా తక్కువ నిద్రపోతున్న దాఖలా కనిపించలేదు. అంటే ఒక కుటుంబంలో బలంగా పనిచేసే మార్పు, వేరే జన్యువులున్న ఇంకో ఒంట్లో అంత పని చేయకపోవచ్చు. లేదా ఆ కుటుంబంలో ఇంకా పేరు తెలియని జన్యువులు తోడై ఉండవచ్చు. ఒక పెద్ద వంశవృక్షం మీద తేలిన పెర్‌2కి, ఇద్దరు ముగ్గురిలో కనబడిన మార్పుకి సాక్ష్యం బలం ఒకటే కాదు. ఈ పరీక్షలో నిలిచేవే రేపటి పాఠ్యపుస్తకంలోకి వెళతాయి.

ఊర్మిళ కథలో ఉన్న ఎరుక

ఈ పరిశోధన వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ ఒక ప్రమాదం వెంట వస్తుంది. నాలుగు గంటలు పడుకుని గొప్పవాళ్లైన వాళ్ల పేర్లు చెప్పి, నిద్ర తగ్గించుకుంటే జీవితం బాగుపడుతుందని పిల్లలకు నూరిపోసే వాళ్లకు ఇదో ఆధారం అనిపిస్తుంది. అది పూర్తిగా తప్పు. ఏడీఆర్‌బీ1 మార్పు లక్షమందిలో నలుగురికి ఉంటుందని అంచనా. ఎన్‌పీఎస్ఆర్1 మార్పు అంతకంటే ఎంతో అరుదు. సాధనతో ఈ మార్పు రాదు.

2003లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగం ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను రెండు వారాల పాటు రోజుకు ఆరు గంటలే పడుకోనిచ్చారు. చివరికి వాళ్ల ఏకాగ్రత, చురుకు ఒకటి రెండు రాత్రులు అసలు నిద్రే లేని వాళ్ల స్థాయికి దిగజారింది. అంతకంటే భయపెట్టే సంగతి, తాము అంతగా దెబ్బతిన్నట్టు వాళ్లకే తెలియలేదు. అలవాటైపోయిందని అనుకున్నారు. రాత్రంతా బస్సు, లారీ నడిపేవాళ్లు, వరస డ్యూటీలు చేసే వైద్యులు, పోటీ పరీక్షలకు అర్ధరాత్రి దాకా చదివే పిల్లలు ఈ ఒక్క ఫలితాన్ని తెలుసుకుంటే చాలు.

వనవాసంలో లక్ష్మణుడు పద్నాలుగేళ్లు మేలుకుని ఉన్నాడని, ఆ నిద్రంతా ఊర్మిళ తీసుకుని అంతఃపురంలో పద్నాలుగేళ్లు నిద్రపోయిందని మన స్త్రీలు తరతరాలుగా పాడుకున్నారు. పోని నిద్ర ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరు దాన్ని తీర్చాలన్న ఎరుక ఆ కథలో ఉంది. కథలో దాన్ని తీసుకోవడానికి ఊర్మిళ దొరికింది. బతుకులో ఎవరి నిద్ర వాళ్లే తీర్చుకోవాలి.

నా దృష్టిలో ఫు పరిశోధన ఇచ్చిన అసలు కానుక ఇది. పెందలాడే లేచేవాడు బుద్ధిమంతుడు, పొద్దెక్కి లేచేవాడు కుంభకర్ణుడు అని మన ఇళ్లలో తీర్పులు తేలికగా పడిపోతాయి. పొద్దెక్కి లేచేవాళ్ల వైపు కూడా జన్యువు ఉండవచ్చు. మైకేల్ యంగ్ బృందం 2017లో క్రై1 జన్యువులో ఒక మార్పు కనిపెట్టింది. అది ఉన్నవాళ్ల గడియారం నెమ్మదిగా తిరుగుతుంది, ఎంత ప్రయత్నించినా అర్ధరాత్రి దాటే దాకా నిద్ర రాదు. యౌవనంలో అడుగుపెట్టే పిల్లలందరిలో కూడా కొన్నేళ్లపాటు గడియారం ఆలస్యం వైపు జరుగుతుంది. ఇలాంటి పిల్లవాడిని తెల్లవారి నాలుగింటికి లేపి చదవమని కూర్చోబెడితే ఎదురుగా పుస్తకం ఉంటుంది కానీ అది తలకెక్కదు. మనం దాన్ని సోమరితనం అంటాం.

సాయంత్రమే నిద్ర ముంచుకొచ్చే వాళ్లకు సాయంత్రం పూట వెలుతురులో గడపడం, ఆలస్యంగా నిద్రపట్టే వాళ్లకు పొద్దున్నే ఎండ తగలడం కొంత మేలు చేస్తాయి. గడియారాన్ని కొద్దిగా జరపవచ్చు, పూర్తిగా మార్చలేం. కాబట్టి ఇంట్లో ఎవరికైనా నిద్ర వేళలు తేడాగా ఉన్నాయనిపిస్తే ముందు తాతమ్మలను, మేనత్తలను, మేనమామలను అడగండి. మీ వాళ్లలో ఇంకెవరైనా ఇంతేనా అన్న ప్రశ్న వైద్యుడి దగ్గర కూడా వినిపించాలి. సెలవుల్లో అలారం లేకుండా వారం పది రోజులు పడుకుని, మెలకువ వచ్చాక హుషారుగా ఉంటే, అన్ని గంటలే మీ లెక్క. అది ఆరున్నర అయితే ఎనిమిది లేదని కంగారు పడనక్కర్లేదు. తొమ్మిది అయితే సిగ్గుపడనక్కర్లేదు, ఎవరైనా తప్పు పడితే ఒప్పుకోనూ అక్కర్లేదు.